బండి చివర వంటిల్లు

అమెరికాలో దూరప్రయాణం కట్టే తెలుగు కుటుంబాలకి వెంట తెచ్చుకున్న పులిహోర ఉన్నంతవరకు దారి సుఖంగానే సాగుతుంది. అది అయిపోయాక, చుట్టూ యాభై మైళ్ళలో బర్గరు తప్ప వేడి తిండి దొరకని ఊళ్ళు వస్తాయి. మా అక్కనీ బావగారినీ టెక్సాస్ నుంచి యూటా దాకా తిప్పి చూపించాలనుకున్నప్పుడు మావారికీ నాకూ ముందు పట్టుకున్న బెంగ అదే. బావగారు చిలకలూరిపేట దగ్గర పత్తీ మిరపా పండించిన రైతు. ఆయనకి షుగరుంది. రెండు పూటలా ఇంటి తిండి పడితేనే మనిషి స్థిమితంగా ఉంటారు. అందుకే డాలస్ చుట్టుపక్కల యార్డులన్నీ తిరిగి, వెనక భాగమంతా వంటిల్లుగా కట్టిన ఫిఫ్త్ వీల్ ట్రైలర్ ఒకటి, ఒకరు వాడినదే, కొన్నాం.

మామూలు ట్రైలర్‌ని బండి వెనక బంపరు దగ్గరున్న ఇనప గుండుకి తగిలిస్తారు. ఫిఫ్త్ వీల్‌కి పికప్ ట్రక్కే కావాలి. ట్రక్కు తొట్టిలో, వెనక ఇరుసుకి పైన, నోరు తెరిచిన ఉక్కు పళ్ళెం ఒకటి బిగిస్తారు. ట్రైలర్ ముందు భాగం పైకి లేచి తొట్టి మీదికి వంగి ఉంటుంది. దాని అడుగు నుంచి దిగిన లావుపాటి కింగ్ పిన్ ఆ పళ్ళెం నోట్లో పడి లాక్ అవుతుంది. పెద్ద సరుకు లారీలు వెనక పెట్టెని లాగే పద్ధతి ఇదే. బరువు ఇరుసు మీద కూర్చుంటుంది కాబట్టి పక్కగాలికీ, దూసుకెళ్ళే లారీల ఊపుకీ బండి అంత తేలిగ్గా ఊగదు. తొట్టి మీదికి వంగిన పై గదిలో పడక, నాలుగు మెట్లు దిగితే కూర్చునే చోటు. చాలావాటిలో వంటిల్లు నడుమ ఇరుక్కుని ఉంటుంది, వెనక గోడకి సోఫాలు వేస్తారు. మేం కొన్నదాంట్లో ఆ వెనక గోడ మొత్తం వంటకే ఇచ్చారు. మూడు పక్కలా గట్టు, గట్టు పైన గోడ వెడల్పునా కిటికీ.

యార్డుల్లో సేల్స్‌మాన్ ముందు టీవీ చూపిస్తాడు. నేను నేరుగా వెనక్కి నడిచి పొయ్యి ముందు నిలబడేదాన్ని. ఎడమ చెయ్యి చాపితే సింకు అందాలి. కుడిపక్క వేడి గిన్నె దించుకునే జాగా ఉండాలి. వెనక్కి తిరిగితే ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. పొయ్యి మీద మైక్రోవేవ్ బిగించి ఉంటుంది కాబట్టి, ఇంటి నుంచి ఐదు లీటర్ల కుక్కర్ తీసుకెళ్ళి, వెయిట్ పెట్టి మరీ పొయ్యి మీద నిలబెట్టి చూసుకున్నాను. రెండు బళ్ళలో అది పట్టలేదు. సేల్స్‌మాన్‌కి మొదట వింతగా తోచినా, తర్వాత తనే టేపు తెచ్చి కొలవడం మొదలుపెట్టాడు.

ఈ బళ్ళ పక్క గోడలు కొన్ని మీట నొక్కితే బయటికి జరుగుతాయి. వాటిని స్లయిడ్లంటారు. ఆగినప్పుడు గది విశాలమవుతుంది, కదిలేముందు లోపలికి లాక్కోవాలి. అలా లాక్కున్నాక కొన్నిటిలో ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు, కొన్నిటిలో బాత్రూమ్‌కి దారి మూసుకుపోతుంది. మధ్యాహ్నం రోడ్డుపక్క చెట్టు కింద ఆగి పెరుగన్నం తినాలంటే ఈ రెండూ అందాలి. అందుకని ప్రతి బండిలోనూ స్లయిడ్లు మూయించి, పక్కకి ఒదిగి లోపలికి వెళ్ళి చూశాం. మావారు మూలల్లో గోడని బొటనవేలితో నొక్కి చూసేవారు. నీరు దిగిన చోట గోడ మెత్తగా ఉంటుంది, బయటి పొర ఉబ్బి ఉంటుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు కూడా చదివేవారు. 2321 అని ఉంటే 2021లో ఇరవై మూడో వారంలో తయారైందన్నమాట. పైకి ఎంత నల్లగా మెరిసినా ఐదారేళ్ళు దాటిన ట్రైలర్ టైరు నమ్మదగింది కాదని ఈ బళ్ళు నడిపేవాళ్ళంతా చెప్పే మాట.

బరువు లెక్క ఇంకా ముఖ్యం. సరుకుతో, నీళ్ళతో కలిపి ఈ బండి మొత్తం బరువు దాటకూడని హద్దు 12,000 పౌన్లు. అందులో ఐదోవంతు నుంచి నాలుగోవంతు దాకా పిన్ను మీద, అంటే ట్రక్కు మీద పడుతుంది. ట్రక్కు ఎంత మోయగలదో డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం చెబుతుంది. లాగే శక్తి ఎంతో ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేస్తారు గానీ, మనకి కావలసింది ఆ చిన్న కాగితం మీది అంకె. వెనక వంటిల్లుకి మరో మెలిక ఉంది. ఇరుసులకి వెనక పెట్టిన ప్రతి బరువూ ముందు పిన్ను మీది బరువుని కొంత ఎత్తేస్తుంది. తోక బరువెక్కితే బండి ఊగుతుంది. పైగా ఇరుసులకి దూరమయ్యేకొద్దీ కుదుపు ఎక్కువ. కాబట్టి బియ్యం బస్తా, వెట్ గ్రైండర్, పప్పుల డబ్బాలు ముందు పడకగది కింది అరలోకి వెళ్ళాయి. వంటింట్లో స్టీలు గిన్నెలూ, తేలికపాటి డబ్బాలూ మాత్రమే మిగిలాయి. గోంగూర పచ్చడి సీసా తువ్వాల్లో చుట్టి సింకులో పడుకోబెట్టేవాళ్ళం. దారి పొడుగునా అది అక్కడే ప్రయాణించింది.

సెప్టెంబరులో బయల్దేరాం. ఫోర్ట్‌వర్త్ దాటి 287 రోడ్డు పట్టుకుంటే విచిటా ఫాల్స్, వెర్నన్, క్వానా, చిల్డ్రెస్... ఒక్కో ఊరూ దాటేకొద్దీ చెట్టు పొట్టిదవుతుంది, ఆకాశం పెరుగుతుంది. క్వానా ఊరు కొమాంచీ నాయకుడు క్వానా పార్కర్ పేరు మీద వెలిసింది. రోడ్డుకి రెండుపక్కలా కనుచూపు మేర పత్తి. బావగారు ఆపమన్నారు. దిగి, కంచె బయటి నుంచే చూశారు. మొక్క మోకాలెత్తు దాటలేదు, కాయలు అప్పుడప్పుడే పగులుతున్నాయి. “ఇంత పొట్టిగా ఉంటే ఏరేవాళ్ళకి నడుం విరగదూ?” అన్నారు. యంత్రంతో ఏరడానికే అలా పెంచుతారని మావారు చెబితే చాలాసేపు ఆయన మాట్లాడలేదు. తర్వాత, “మరి ఏరే ఆడవాళ్ళు?” అని అడిగారు. అక్కడ పొలాల్లో మనిషి జాడ లేదు. పత్తి తీతల కాలంలో మా ఊళ్ళో తెల్లారుజామున ఆటోల నిండా నవ్వుకుంటూ వెళ్ళే కూలీలు ఉంటారు. వాళ్ళు లేని పత్తిచేను చూడటం ఆయనకి అదే మొదటిసారి.

మేం ఆగి ఉండగా ఎదురుగా వచ్చిన పికప్ నెమ్మదించింది. టోపీ పెట్టుకున్న పెద్దాయన అద్దం దించి, బండికి ఏమైనా అయిందా, సాయం కావాలా అని అడిగాడు. ఏం లేదు, పత్తి చూస్తున్నాం అంటే తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు. ఆ దారిలో ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగు మీది నుంచి ఒక్క చూపుడువేలు ఎత్తుతాడు. అది పలకరింపు. కాసేపటికి బావగారు కూడా ముందు సీట్లో కూర్చుని వేలెత్తడం మొదలుపెట్టారు.

క్లారెండన్ దాటాక గుడ్‌నైట్ అనే చిన్న పల్లె ఉంది. చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి పేరు మీద వచ్చింది. 1887లో ఆయన కట్టించిన ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆయన పేరు చెబితే చక్ వ్యాగన్ గుర్తొస్తుంది. 1866లో, వందల మైళ్ళు పశువుల్ని తోలుకెళ్ళే మనుషులకి దారిలో తిండి ఎలా పెట్టాలన్న చిక్కుని ఆయన తేల్చాడు. సైన్యం వాడి వదిలేసిన స్టూడిబేకర్ బండి ఒకటి తీసుకుని, దాని వెనక చివర అరల పెట్టె బిగించాడు. ఆ పెట్టె మూత కిందికి వాలి, ఒంటికాలి మీద నిలబడే గట్టు అవుతుంది. అక్కడే పిండి కలపడం, మాంసం తరగడం. బండి పక్కన నీళ్ళ పీపా. బండి కింద వేలాడగట్టిన తోలు సంచీలో కట్టెలూ, ఎండిన పశువుల పేడా.

అలాంటి బండిని ఆ దారిలోనే ఒక చోట చూశాం. దానితో ఇప్పటికీ వంట చేసి చూపించే ముసలాయన ఒకరు మూత దించి, అరలు ఒక్కొక్కటీ లాగి అక్కకి చూపించారు. కాఫీగింజల అర, చిక్కుడుగింజల అర, ఉప్పు అర. కింది అరలో గుడ్డ కట్టిన మట్టి జాడీ, అందులో పులిసిన పిండి. చలికాలంలో ఆ పిండి చచ్చిపోకుండా వంటవాడు రాత్రిళ్ళు జాడీని దుప్పట్లో పెట్టుకుని పడుకునేవాడని చెప్పారాయన. అక్క జాడీ మూత తీసి వాసన చూసి, “మన దోసెల పిండే!” అంది. ఆయన అడిగితే మా బండి చూపించాం. వెనక్కి వచ్చి వంటిల్లు చూసి, గట్టు మీద చెయ్యి ఆనించి, ఇదీ సరైన చోటు అన్నట్టు రెండుసార్లు తట్టారు.

ఆ తట్టడంలో నాకు చాలా అర్థం కనిపించింది. బండికి ముందు భాగం దారిదైతే, వెనక భాగం ఆగిన చోటుది. ఆగగానే ముందు తెరుచుకునేది అదే. చక్ వ్యాగన్ చుట్టూ ఎవరు ఎక్కడ నిలబడాలో, గుర్రాన్ని ఏ దిక్కు నుంచి తేవాలో నియమాలుండేవి. గాలి వచ్చే దిక్కు నుంచి గుర్రం ఎక్కి వస్తే దుమ్ము వంటలో పడుతుంది కాబట్టి అది పెద్ద తప్పు. వందలాది పశువులకి యజమాని అయినా వంటవాడి మాటకి లోబడేవాడట. ఇల్లు వదిలి వచ్చిన మనుషుల్ని ఒక గుంపుగా నిలిపి ఉంచేది ఆ వెనక గట్టే. రోడ్డు మీద తిండికి ఉన్న మర్యాద అది.

పాలో డ్యూరో లోయ ఎదురుగా వచ్చేదాకా కనిపించదు. చదునైన గడ్డినేల మీద వెళ్తూ వెళ్తూ ఉండగా నేల ఒక్కసారిగా తెగి కిందికి దిగిపోతుంది. దాదాపు 120 మైళ్ళ పొడవు, 800 అడుగుల లోతు. గ్రాండ్ కాన్యన్ తర్వాత ఈ దేశంలో అంత పెద్ద లోయ ఇదేనంటారు. పార్కులోకి దిగే రోడ్డు వంద అడుగులకి పది అడుగులు వాలుతుంది. వెనక ఆరు టన్నుల బరువు నెడుతుంటే బ్రేకుని నమ్ముకుని దిగడం ప్రమాదం. మావారు పైనే చిన్న గేరులోకి మార్చి, ఇంజను బిగువు మీదే బండిని మెల్లగా దించారు. కింద ఎర్రమట్టి గోడలు, వాటి మధ్య తెల్లని జిప్సం చారలు.

ఆ సాయంత్రం అక్క పప్పుచారు పెట్టింది. పోపు వేసేముందు నేను వెనక కిటికీ తెరిచి, ఫ్యాను పెట్టాను. లేకపోతే ఎండుమిర్చి ఘాటుకి పైకప్పు మీది పొగ అలారం మోగుతుంది. కిటికీ నిండా ఎర్రటి కొండ. దాని పాదాన అడవి టర్కీ కోళ్ళు వరసగా నడిచిపోతున్నాయి. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “నా జన్మలో పొయ్యి ముందు నిలబడి గోడే చూశానే” అంది. మా అమ్మ వంటిల్లూ అంతే, పొగచూరిన గోడ, చిన్న గవాక్షం. ఇంట్లో అందరికంటే ఎక్కువ గంటలు నిలబడే మనిషికి అందరికంటే తక్కువ వెలుతురు ఇవ్వడం ఎందుకు అలవాటైందో నాకు తెలియదు. ట్రైలర్ కొనేవాళ్ళు ఎవరడిగినా నేను చెప్పే మొదటి కారణం ఆ కిటికీయే. జాగా లెక్క తర్వాత.

ఆ లోయ అందం వెనక దుఃఖం కూడా ఉంది. 1874 సెప్టెంబరు 28న సైన్యాధికారి రనల్డ్ మెకంజీ ఇక్కడ విడిది చేసిన కొమాంచీ, కయోవా, షయాన్ జనం మీద దాడి చేశాడు. మనుషులు చాలామంది తప్పించుకున్నారు. వాళ్ళ గుడారాలూ, చలికాలానికి దాచుకున్న తిండీ తగలబెట్టించి, పట్టుకున్న గుర్రాల్లో వెయ్యికి పైగా కాల్పించాడు. తిండీ గుర్రమూ పోయాక వాళ్ళకి ప్రభుత్వం కేటాయించిన రిజర్వేషన్ నేలకి వెళ్ళడం తప్ప దారి లేకపోయింది. రెండేళ్ళకే గుడ్‌నైట్ ఈ లోయలోకి పశువుల్ని తోలుకొచ్చాడు. ఆయన భార్య మేరీ ఆన్, వేటగాళ్ళు చంపగా మిగిలిన అడవిదున్న దూడల్ని తెప్పించి పెంచింది. ఆ మంద సంతానం కాప్రాక్ కాన్యన్స్ పార్కులో ఇప్పటికీ మేస్తోంది. ఒక జాతి తిండిని నాశనం చేస్తే జాతి లొంగుతుందని తెలిసిన చోట, ఒక ఇల్లాలు దూడలకి పాలు పట్టించి ఒక జంతువుని నిలబెట్టింది. ఈ రెండూ ఒకే నేల మీద, కొద్ది ఏళ్ళ తేడాలో జరిగాయి.

అమరిల్లో నుంచి పడమటికి గాలి విపరీతం. టుకుమ్‌కారి దాటి శాంటా ఫే చేరేసరికి సముద్రమట్టానికి ఏడువేల అడుగులు ఎక్కేశాం. అరల్లో అటుకుల ప్యాకెట్లు ఉబ్బి గట్టిపడ్డాయి. అన్నం ఉడికింది గానీ పలుకు మిగిలింది. కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతసేపు కాచినా బద్ద బద్దగానే ఉంది. ఈ ఎత్తున నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. కుక్కర్ ఒక్కటే దిక్కు, దానిలో కూడా రెండు విజిళ్ళు ఎక్కువ. దోసెల పిండి చల్లటి రాత్రి పులవలేదు. అక్క గిన్నెని పొద్దున్న ట్రక్కు వెనక సీటు కింద, ఎండ పడే పక్కన పెట్టింది. సాయంత్రానికి పొంగి మూత ఎత్తేసింది. కొండని కాలితో ఎక్కితే ఆయాసం తెలుస్తుంది. మేం ఆ ఎత్తుని పప్పుగిన్నెలో తెలుసుకున్నాం.

న్యూ మెక్సికోలో సెప్టెంబరంటే మిరపకాయలు కాల్చే కాలం. కిరాణా కొట్ల ముందు, రోడ్డు పక్క గుడారాల కింద, తీగలతో అల్లిన పీపాలు అడ్డంగా బిగించి ఉంటాయి. బస్తాడు పచ్చిమిరపకాయలు అందులో పోసి, కింద గ్యాసు మంట పెట్టి తిప్పుతారు. తొక్క చిటపటలాడి నల్లబడి రాలుతుంది. ఆ వాసనకి బావగారు ట్రక్కు ఆగీ ఆగకముందే దిగేశారు. కాయ జానెడు పొడవు, దళసరి కండ, గింజ తక్కువ. వాసన చూసి, విరిచి, నాలిక మీద పెట్టుకుని, “కారం మనదాంట్లో సగం లేదు, కానీ కండ చూడండి” అన్నారు మావారితో. అమ్మే అబ్బాయికి ఈయన రైతని మావారు చెప్పగానే అతను పీపా ఆపేశాడు. ఎకరాకి ఎంత దిగుబడి, నీళ్ళెలా, తెగులు ఏమిటి అంటూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. దుబాసీ మావారు. ఎండబెట్టడం ఎలా అని అతను అడిగితే, బావగారు గుంటూరు మిర్చి కల్లాల ఫొటోలు ఫోనులో చూపించారు. మైదానమంతా ఎర్రగా పరిచిన కాయలు చూసి ఆ అబ్బాయి వాళ్ళమ్మని కూడా పిలిచి చూపించాడు. ఆమె పరీక్షగా చూసి, తలుపు పక్కన వేలాడుతున్న ఎండుమిర్చి దండ ఒకటి దింపి బావగారి చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు.

ఆ రాష్ట్రంలో ఏ హోటల్లో కూర్చున్నా ముందు అడిగేది “ఎరుపా, పచ్చా?” అని. ఎండుమిర్చి పులుసు పొయ్యమంటారా, పచ్చిమిర్చిదా అని. దాన్ని రాష్ట్రపు అధికార ప్రశ్నగా చట్టసభే ప్రకటించింది. మనం మన సొంతమనుకునే కారం ఈ ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరిందని చదవడం వేరు, ఆ కాయ పుట్టిన ఖండంలో నిలబడి మన రైతు దాన్ని విరిచి చూడటం వేరు. అయిదు వందల ఏళ్ళకి ముందు మన వంటిళ్ళలో మిరప లేదు. మిరియమే కారం. ఒక పరాయి కాయని ఇంతగా సొంతం చేసుకున్న జాతి, కొత్త తిండి దగ్గర ముఖం తిప్పుకోవడం న్యాయం కాదని ఆ రోజు నాకు బలంగా అనిపించింది. ఆ రాత్రి కాల్చిన కాయల తొక్క వలిచి, వేరుశనగపప్పు వేయించి కలిపి నూరిన పచ్చడిలో పొగ వాసన తగులుతూ ఉంది. బావగారు రెండోసారి అన్నం వడ్డించుకున్నారు.

అబిక్యూ దగ్గర రంగురంగుల కొండలు. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ చివరి దశాబ్దాలు గడిపిన నేల అది. అంతకుముందు ఆమె పాలో డ్యూరో పక్కనున్న కాన్యన్ ఊళ్ళో బొమ్మలు నేర్పే పంతులమ్మ. మేం వచ్చిన దారిలోనే ఆమె కూడా ఎర్రమట్టిని వెంబడించినట్టుంది. చామా మీదుగా కొలరాడోలోకి ఎక్కుతుంటే ఆస్పెన్ చెట్లు పసుపుకి తిరుగుతున్నాయి.

మెసా వర్డేలో ట్రైలర్లని మోర్‌ఫీల్డ్ క్యాంపు దాటి పైకి రానివ్వరు. బండి అక్కడ వదిలి ట్రక్కులో వెళ్ళాం. కొండ చరియ కింది పెద్ద తొర్రల్లో రాళ్ళతో కట్టిన ఊళ్ళు. క్లిఫ్ ప్యాలెస్ అనేదాంట్లో దాదాపు 150 గదులున్నాయి. 1200 ప్రాంతంలో వాటిని కట్టినవాళ్ళు 1300 నాటికి వదిలి దక్షిణానికి వెళ్ళిపోయారు. ఇప్పటి ప్వెబ్లో జనం వాళ్ళ వారసులు. అందరూ గోపురాలకీ కిటికీలకీ ఫొటోలు తీస్తుంటే అక్క మ్యూజియంలో ఒక రాయి దగ్గర ఆగింది. వాలుగా పెట్టిన పలక రాయి, దాని మీద రెండు చేతులతో పట్టి ముందుకీ వెనక్కీ తోసే పొత్రం. మొక్కజొన్న పిండి విసరడానికి. “సన్నికల్లు కదే ఇది!” అంది. పలక మధ్య నునుపుగా అరిగి గుంట పడి ఉంది. అలా అరగాలంటే ఎంతమంది ఆడవాళ్ళు మోకాళ్ళ మీద ఎన్నేళ్ళు కూర్చుని ఉండాలి! అలాంటి పలకలు మూడు నాలుగు ఒకే వరసలో అమర్చుకునేవారట, పక్కపక్కన కూర్చుని విసరడానికి. ఒంటరిగా చేసే పని కాదు అది. మా ట్రైలర్‌లో కూడా మూడు పక్కల గట్టు ఉండబట్టే అక్కా నేనూ వీపుకి వీపు తగలకుండా, ఒకరు తరుగుతూ ఒకరు వేయిస్తూ మాట్లాడుకోగలిగాం. పెళ్ళిళ్ళయ్యాక మేమిద్దరం అంత తీరిగ్గా ఒక వంటింట్లో నిలబడింది ఈ దారిలోనే.

కోర్టెజ్ దాటాక నావహో దేశం. రోడ్డుపక్క కొట్లో ఒకామె పిండి ముద్దని రెండు అరచేతుల మధ్య తట్టి పెద్దది చేసి నూనెలో వేస్తోంది. 1864లో సైన్యం నావహోలని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టి, వందల మైళ్ళు నడిపించి బోస్క్ రెడొండోలో బంధించింది. అక్కడ వాళ్ళకి అలవాటైన పంట ఏదీ దక్కలేదు, ఇచ్చింది గోధుమపిండీ కొవ్వూ. ఆ రెండింటితో పుట్టిన రొట్టె ఇది. 1868లో ఒప్పందం మీద తిరిగి వచ్చారు, రొట్టె వాళ్ళతోనే వచ్చింది. మాకు ఆ కథ చెప్పింది ఆమే, చేతులు ఆపకుండా. ఆమె ఇంటికి కొళాయి లేదట. ట్రక్కు మీద పీపాలతో నీళ్ళు తెచ్చుకుంటారు. ఆ దేశంలో ఇంకా చాలా ఇళ్ళది అదే పరిస్థితి.

ఆ మాట గూస్‌నెక్స్ చేరాక బాగా గుర్తొచ్చింది. యూటాలోని ఆ చిన్న పార్కులో కొండ అంచునే బండి నిలుపుకోవచ్చు. వెయ్యి అడుగుల కింద శాన్ హువాన్ నది మెలికలు తిరుగుతూ ఆరు మైళ్ళు పారి, నేరుగా చూస్తే మైలున్నర మాత్రమే ముందుకి జరుగుతుంది. అక్కడ కొళాయి లేదు, కరెంటు లేదు. మాకున్నది అరవై గ్యాలన్ల ట్యాంకు. నిండితే అయిదువందల పౌన్ల బరువు. వాడిన నీరు పోయే ట్యాంకు వేరే, వెనక వంటిల్లుకి మళ్ళీ సొంతంగా ఒకటి. అన్నిటికంటే ముందు నిండేది అదే. మీట నొక్కితే దీపాలు వెలిగి ఏది ఎంత నిండిందో చెబుతాయి. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు మొదటి కడుగు కడగడం అక్క పెట్టిన పద్ధతి. పల్నాడు ఎండాకాలాల్లో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన మనిషి ఆమె. అమెరికాలో ఇన్నేళ్ళుగా కొళాయి తిప్పి వదిలేసే నాకు ఆమె దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతున్నాయో ఇంట్లో కనబడదు. ఈ బండిలో రెండు చివరలూ మన చేతిలోనే ఉంటాయి. నింపేదీ మనమే, గొట్టం తగిలించి ఖాళీ చేసేదీ మనమే.

పక్కన దిగిన మిన్నెసోటా దంపతులు ఇంగువ వాసనకి మా వెనక కిటికీ దగ్గరికి వచ్చారు. తలుపు దగ్గరికి రాకుండా కిటికీ దగ్గరికే వచ్చి, లోపల ఏమిటి వండుతున్నారని పలకరించారు. రోడ్డు మీద మాకు పరిచయమైనవాళ్ళంతా దాదాపు ఆ కిటికీలోంచే పరిచయమయ్యారు. చారు గ్లాసులో పోసి అందించాం. ఆమె తమ బండిలోంచి నల్లగా, సన్నగా, సూదుల్లా ఉన్న గింజల పొట్లం తెచ్చింది. వాళ్ళ ఊరి సరస్సుల్లో దానంతటదే పెరిగే అడవి బియ్యం. ఓజిబ్వే జనం చిన్న పడవల్లో వెళ్ళి, కంకుల్ని కర్రలతో పడవలోకి వంచి తట్టి, గింజలు రాల్చుకుంటారట. రాలగా నీళ్ళలో పడినవే మరుసటేడు మొలుస్తాయి. బావగారు ఒక గింజ కొరికి చూశారు. “దున్నక్కర్లేదు, నాటక్కర్లేదు, ఎరువు లేదు. ఇది ఎవరి పొలం మరి?” అని అడిగారు. సరస్సుది, అన్నాడు ఆ పెద్దాయన.

అక్క దాన్ని రాత్రంతా నానబెట్టి, పెసరపప్పూ మిరియాలూ వేసి పొంగలి చేసింది. గింజ పగిలి లోపలి తెల్లదనం బయటపడేదాకా కుక్కర్ నాలుగైదుసార్లు కూయాల్సి వచ్చింది. నెయ్యి వేసి వాళ్ళ గిన్నెలోనే పెట్టి ఇచ్చాం. మధ్యాహ్నం గిన్నె కడిగి తిరిగి తెచ్చిచ్చినప్పుడు ఆమె పెసరపప్పు ఎక్కడ కొనాలో రాయించుకుంది. బావగారికి మాత్రం ఆ పడవలూ కర్రలూ చూడాలని పట్టుకుంది. కోత ఆగస్టు చివర్లో మొదలవుతుందని వాళ్ళు చెప్పగానే, “వచ్చే ఏడు ఈసరికి మేం మళ్ళీ రావచ్చా?” అని మావారిని అడిగారు.

“తప్పకుండా రండి అన్నయ్యగారూ. అప్పటికి ఈ టైర్లకి వయసు మీరుతుంది. ముందు అవి మార్పిద్దాం” అన్నారు మావారు, మ్యాపులో ఉత్తరాన మిన్నెసోటా వైపు వేలు జరుపుతూ.